'పాలేరు': కొట్టం నుంచి బడికి

మా తాత దివిసీమలో పాలేరు. పగలు పొలం, రాత్రి పశువుల కొట్టం. తండ్రి అప్పుకు కొడుకు పనికి కుదిరే కాలమది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది, డెల్టా మాగాణి అయింది. ఆ నీళ్లు పొలానికి మళ్లించిన మావాళ్లకు సెంటు భూమి దక్కలేదు.

ఆ చీకటిని రంగస్థలం మీదికి తెచ్చినవాడు బోయి భీమన్న. 1911లో గోదావరి పక్కన మామిడికుదురులో పుట్టిన మనవాడు. ఆయన 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. అది చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్లున్నారు.

నన్ను కలవరపెట్టేది వేరు. ఒక్కడు బయటపడితే చప్పట్లు కొట్టాం. కొట్టంలో మిగిలినవాళ్ల సంగతి? వాళ్ల మనవలే ఇవాళ్టి కౌలు రైతులు, కూలీలు. హాస్టల్లో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఉద్యోగం తెచ్చుకోండి. భూమి ప్రశ్న మాత్రం వదలొద్దు.

జై భీమ్. (ఇంకా ఉంది)