ఇస్లాము సంఘమున వక్ఫు ధర్మము

దానము చేయుట కొంత సులభము. చేసిన దానము దాత కన్నుమూసిన పిమ్మట కూడ నిలుచునట్లు చూచుట కష్టము. చెరువు త్రవ్వించినవాడు పోయిన వెనుక గట్టు తెగును. సత్రము కట్టించినవాడు పోయిన వెనుక వారసులు దాని వాకిలి మూయుదురు. ఈ చిక్కు అన్ని దేశములలోను, అన్ని మతముల వారికిని ఎదురైనదే. మన పెద్దలు దేవాలయములకును, సత్రములకును మాన్యములు వ్రాసియిచ్చుట దీనికి కనుగొనిన ఉపాయము. ఇస్లాము సంఘములు దీనికే కనుగొనిన ఉపాయము వక్ఫు. సంఘమునకు అది చేసిన మేలెట్టిదో, అది చెడినచోట ఎందుకు చెడెనో తెలిసికొనుట మనకు ఉపయోగకరము.

వక్ఫు అను అరబ్బీ పదమునకు నిలుపుట అని అర్థము. ఆస్తిని నిలిపి, దాని ఫలమును మాత్రము పంచుటయే ఈ ధర్మము. ఉమరునకు ఖైబరులో కొంత భూమి లభింపగా, దానినేమి చేయుదునని ఆయన మహమ్మదు ప్రవక్తను అడిగెననియు, మూలమును నిలిపి ఫలమును దానము చేయుమని ప్రవక్త చెప్పెననియు హదీసు గ్రంథములు తెలుపుచున్నవి. ఆ భూమిని అమ్మరాదు, ఒకరికి ఈయరాదు, వారసులు పంచుకొనరాదు. దాని పంట బీదలకును, బంధువులకును, బానిసల విడుదలకును, బాటసారులకును, అతిథులకును చెందవలెను. భూమిని చూచుకొనువాడు తన పోషణకు మితముగా తీసికొనవచ్చును గాని కూడబెట్టుకొనరాదు. ఈ చివరి నియమము మిక్కిలి తెలివైనది. పనిచేయువాని కడుపు మాడ్చినచో ధర్మము సాగదు. వానికి పట్టపగ్గములు లేకున్నను సాగదు.

కాలక్రమమున ఈ నియమములు శాస్త్రముగా పెరిగినవి. దాత తన ఉద్దేశమును పత్రమున వ్రాయించును. దానినే వక్ఫునామా యందురు. నిర్వాహకునకు ముతవల్లీ యని పేరు. అతనిపై విచారణాధికారము ఖాజీకి ఉండెడిది. దాత కోరిన కట్టుబాటును పిదపవారు ఇష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదు.

ఈ పునాదిపై ఆరోగ్యశాలలు లేచినవి. 1284లో సుల్తాను ఖలావూను కైరో నగరమున గొప్ప ఆరోగ్యశాలను కట్టించి, దాని వ్యయమునకు ఆస్తుల రాబడిని వ్రాసియిచ్చెను. స్త్రీపురుషులు, ధనికులు, దరిద్రులు, ఊరివారు, పరదేశులు అను భేదము లేక అందరికిని అందు ప్రవేశము కలదని ఆ వక్ఫునామా నిర్ణయించెను. జ్వరములకును, నేత్రవ్యాధులకును, శస్త్రచికిత్సకును వేరువేరు శాలలుండెను. ఇట్టి ఆరోగ్యశాలల సంప్రదాయము మన తెలుగుదేశమునకును వచ్చినది. హైదరాబాదున మహమ్మదు కులీ కుతుబ్ షా 1595లో కట్టించిన దారుల్ షిఫా పేరు నేటికిని ఆ పేటకు నిలిచియున్నది.

పెద్ద పనులకే గాక చిన్న కష్టములకు కూడ వక్ఫులుండెను. 1326లో డమాస్కసు చేరిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఆ నగరపు వక్ఫులను లెక్కింపజాలనంత విరివిగా చూచెను. పేద కన్యల పెండ్లిండ్లకును, బందీల విడుదలకును, బాటలు చదును చేయుటకును వేరువేరు వక్ఫులుండెను. ఒకనాడు వీధిలో ఒక బానిస బాలుని చేతినుండి చీనా పింగాణి పళ్లెము జారి పగిలెను. జనము గుమిగూడిరి. ఒకడు ఆ ముక్కలను ఏరి పాత్రల వక్ఫు అధికారి యొద్దకు తీసికొని పొమ్మనెను. అధికారి ముక్కలు చూచి క్రొత్త పళ్లెమునకు వలయు సొమ్మిచ్చెను. యజమాని చేతి దెబ్బలు ఆ బాలునకు తప్పినవి. పసివాని భయమును గుర్తించి దానికొక నిధి ఏర్పరచిన దాత హృదయము ఎంత మెత్తనిదో గదా!

స్త్రీలకు ఆస్తిహక్కును ఇస్లాము ధర్మశాస్త్రము అంగీకరించినందున, వివాహమైన పిమ్మట కూడ వారి సొమ్ము వారిదే. కావున దాతలలో స్త్రీలు పెక్కుమంది. 1546 నాటి ఇస్తాంబులు వక్ఫుల పట్టికలో మూడవవంతునకు పైగా స్త్రీలు నెలకొల్పినవే. సులేమాను చక్రవర్తి భార్య హుర్రెము జెరూసలేమున 1552లో పేదల కొరకు భోజనశాల నేర్పరచెను.

గ్రంథాలయమున కూర్చుండి ఈ వ్యాసము చదువువారికి మెర్వు నగరపు కథ మరింత ప్రియము కాగలదు. యాఖూత్ అను పండితుడు గ్రీకు సంతతివాడు. బాల్యమున బానిసగా బాగ్దాదు వర్తకునకు అమ్ముడుపోయినవాడు. ఆ వర్తకుడే అతనికి చదువు చెప్పించి, పిదప విడుదల చేసెను. పుస్తకములకు ప్రతులు వ్రాసియు, అమ్మియు జీవించుచు అతడు మెర్వు చేరెను. అచ్చట పది వక్ఫు గ్రంథాలయములు చూచితినని అతడు వ్రాసినాడు. వానిలో ఒకదానియందే సుమారు 12,000 సంపుటములుండెను. తన ఇంట ఎప్పుడును 200కు తక్కువ కాకుండ అరువు పుస్తకములుండెననియు, వానిలో ఎక్కువ భాగమునకు తాకట్టు అడుగలేదనియు చెప్పినాడు. అతడు రచించిన దేశనిఘంటువునకు అచ్చట సేకరించిన విషయమే గొప్ప ఆధారము. 1221లో మంగోలు సేనలు మెర్వును నాశనము చేసినవి. ఆ గ్రంథాలయములు పోయినవి. ఒకనాటి బానిసను నమ్మి అరువిచ్చిన పుస్తకముల సారము మాత్రము అతని గ్రంథమున దక్కినది.

అన్ని వక్ఫులును శత్రువుల చేత నశింపలేదు. పెక్కు ఇంటివారి చేతనే శిథిలమైనవి. ముతవల్లీలు లెక్కలు చూపక స్వంతమునకు వాడుకొనిరి. స్వల్పమైన బాడుగకు దీర్ఘకాలపు కౌళ్లిచ్చి భూములు పోగొట్టిరి. కాలము మారినను పత్రము మారనందున కొన్ని నిధులు నిరుపయోగమైనవి. కుటుంబ లాభమునకే ఏర్పరచిన వక్ఫులు వివాదములకు మూలమైనవి. ఈజిప్టు ప్రభుత్వము 1952లో అట్టివానిని రద్దుచేసెను. వ్యవస్థ ఎంత మంచిదైనను, దానిని కనిపెట్టుకొనియుండు కన్ను మూతపడిన నాడు అది ఒట్టి కాగితమే.

ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు ఈ చరిత్ర మూడు పనులు చెప్పుచున్నది. మూలధనమును ముట్టకుండుట, ఉద్దేశమును స్పష్టముగా వ్రాసియుంచుట, ఏటేట లెక్కలు అందరి యెదుట పెట్టుట. ఈ మూడును పాటించినచో, నేడు బీరువాలో మనముంచు పుస్తకమును మనమెరుగని ఒక పేద బాలుడు మనము లేని నాడు విప్పి చదువగలడు. అంతకు మించిన ఫలమును ఏ దాత కోరగలడు?