ఏడాదికోసారి వచ్చే పెద్దచుట్టం

విశాఖపట్నం చినవాల్తేరులో మా వీధి మొగన టీకొట్టు పెట్టుకున్న ముసలాయన ఒకడుండేవాడు. ఆంధ్రా యూనివర్సిటీ కాన్వొకేషన్ ఎప్పుడో పేపరు చూడకుండానే చెప్పేసేవాడు. ఏయూ గోడ పొడవునా చెట్ల మొదళ్ళకి సున్నం పడిందంటే వారం తిరక్కుండా గవర్నర్ దిగుతాడని ఆయన లెక్క. "ఏటి బాబూ, గవర్నరు వస్తన్నాడేటి? చెట్లకి పంచెలు కట్టీసినారు!" అనేవాడు గ్లాసు అందిస్తూ. వానాకాలం నుంచి నోళ్ళు తెరుచుకునున్న గుంతల్లో ఒక్క రాత్రిలో కంకర, తారు పడేవి. తోపుడు బళ్ళని పోలీసులు అవతలి సందులోకి నెట్టేవారు. మర్నాడు సైరన్ కూత, బారుగా కార్లు, రెండు గంటల సభ, మళ్ళీ సైరన్. చీకటిపడే వేళకి మొక్కజొన్న పొత్తుల బళ్ళు ఎప్పటి చోటికి వచ్చి నిప్పులు రాజేసుకునేవి.

ఇవన్నీ చూస్తూ పెరిగినవాణ్ణి గనక, గవర్నర్‌కీ మా యూనివర్సిటీకీ చుట్టరికం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు పెళ్ళికొచ్చే పెద్దచుట్టం గుర్తొస్తాడు. ఆయన వచ్చేదాకా పీటల మీద ఎవరూ కూర్చోరు. అక్షింతలు ముందు ఆయన చేతే వేయిస్తారు. పందిరి వేసినవాళ్ళు, గాడిపొయ్యి దగ్గర చెమటోడ్చినవాళ్ళు వేరే ఉంటారు. అలాగని ఈ వందేళ్ళలో పెద్దచుట్టం ఉట్టినే వచ్చి తాంబూలం పుచ్చుకుని పోయాడని కొట్టిపారేయలేం. కొన్నిసార్లు ఆయన వల్ల ఇంట్లో తగువులొచ్చాయి. ఒకసారి పేరు కూడా వదిలిపెట్టి వెళ్ళాడు.

మొదటి నుంచి చెప్పుకొస్తాను. ఆంధ్రులకు వేరే విశ్వవిద్యాలయం కావాలన్న కోరికకు మద్రాసు శాసనమండలిలో బిల్లు రూపం ఇచ్చినవాడు అప్పటి విద్యామంత్రి ఏ.పి. పాత్రో. బరంపురం వైపు మనిషి. చట్టం 1926లో అమల్లోకి వచ్చింది. మద్రాసు గవర్నర్ ఎవరైతే ఆయనే హోదారీత్యా ఛాన్సలర్. ఆ లెక్కన మన మొదటి ఛాన్సలర్ గోషెన్ ప్రభువు. వైస్ ఛాన్సలర్‌గా వచ్చినవాడు చిత్తూరు జిల్లా కట్టమంచి రామలింగారెడ్డి. అప్పుడు యూనివర్సిటీ ఉన్నది మా ఊళ్ళో కాదు, బెజవాడలో. ప్రధాన స్థానం ఎక్కడుండాలన్న తగువు నాలుగేళ్ళు నడిచింది. బెజవాడ వాళ్ళదొక వాదం, రాజమండ్రి వాళ్ళదొకటి. మాకు ఈ కోస్తా గొడవే వద్దని దత్తమండలాల వాళ్ళు తిరిగి మద్రాసు యూనివర్సిటీలో చేరిపోయారు. చివరికి 1930లో అది వాల్తేరు మెట్ట ఎక్కింది. ఎర్రమట్టి, ఎదురుగా సముద్రం. ఆ మెట్టను ఎంచుకున్నవాళ్ళ కళ్ళకు ఈ ఊరివాడిగా నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

మెట్ట ఎక్కీ ఎక్కగానే పెద్దచుట్టంతో మొదటి పేచీ వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం మీద సర్కారు లాఠీలు విరిగిన ఏడాది అది. ఆ దమనకాండను నిరసిస్తూ రామలింగారెడ్డి వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశాడు. వైస్ ఛాన్సలర్ రాజీనామా ఇవ్వాల్సింది ఛాన్సలర్‌కే. ఛాన్సలర్ అంటే గవర్నర్. గవర్నర్ అంటే ఆ లాఠీలకు యజమాని. అప్పుడు ఆ కుర్చీలో ఉన్నవాడు జార్జి స్టాన్లీ. యూనివర్సిటీకి పెద్ద, పోలీసుకు పెద్ద ఒకడే అయితే లోపలివాడు ఎటు నిలబడాలన్న ప్రశ్నకు మా క్యాంపస్ మొట్టమొదటి జవాబు ఆ కాగితం. ఇదే రెడ్డిగారు 1936లో మళ్ళీ వచ్చి 1949 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నాడు, 1942లో సర్ బిరుదు పుచ్చుకున్నాడు. కాన్వొకేషన్ హాలుకు పెట్టిన పేరు కూడా ఆయనదే. ఏ గవర్నర్ వచ్చినా కట్టమంచివారి పేరున్న హాల్లోకే నడిచి రావాలి. ఇందులో ఒక చమత్కారం ఉందని నాకనిపిస్తుంది, పేరు పెట్టినవాళ్ళ మనసులో లేకపోయినా సరే.

మధ్యలో అయిదేళ్ళు, 1931 నుంచి 1936 దాకా, సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన్ని గవర్నర్ పంపలేదు, సెనేట్ ఎన్నుకుంది. వి.కె.ఆర్.వి. రావు, హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ లాంటి కుర్రవాళ్ళను ఎక్కడెక్కడి నుంచో ఈ సముద్రపొడ్డుకు తెచ్చి కూర్చోబెట్టాడు. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడికొచ్చి ఉపన్యాసాలిచ్చాడు. అవి తర్వాత 'మ్యాన్' అన్న చిన్న పుస్తకంగా వచ్చాయి. ఫిజిక్సుకు సి.వి. రామన్ శిష్యుడు సూరి భగవంతం, కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి. మనుషులు దొరికారు. మరి గదులు, గాజు సీసాలు, గ్యాసు పొయ్యిలు ఎవరిస్తారు?

ఇక్కడే అసలు కథ. మద్రాసు ఖజానా పిడికిలి బిగువు. ఆదుకున్నవాడు జయపురం మహారాజా విక్రమదేవ వర్మ. రాజయ్యేనాటికే ఆయనకు అరవై దాటాయి. గద్దెనెక్కక ముందు చాలా ఏళ్ళు విశాఖపట్నంలోనే గడిపాడు. ఒడియాలోనూ తెలుగులోనూ కవిత్వం రాసుకునేవాడు. ఆ మనిషి యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశాడు. ఒకసారి ఇచ్చి ఫొటో దిగడం కాదు, ఏటేటా. తులం బంగారం ముప్పై, ముప్పై అయిదు రూపాయలు దాటని రోజుల్లో లక్ష! సైన్స్ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. జయపురం విక్రమదేవ వర్మ కాలేజీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. నోరు తిరగని మా తరం దాన్ని జేవీడీ అనేసింది. యూనివర్సిటీ ఆయన్ని ప్రో ఛాన్సలర్‌ని చేసుకుంది. అంటే పెద్దచుట్టం పక్క పీట. మరో మాట. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు జయపురం విశాఖ జిల్లా నుంచి విడిపోయి అటు వెళ్ళింది. సరిహద్దు మారింది గానీ కాలేజీ మీద రాజుగారి పేరు మారలేదు.

ఆ కాలేజీ వరండాల్లో నడిచినవాళ్ళలో ఒకడు కల్యంపూడి రాధాకృష్ణారావు. లెక్కల ఎమ్మే ఇక్కడే చదివి, స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా చెప్పుకునేవాడయ్యాడు. రాజుగారి లక్షకు వడ్డీ అలా వచ్చింది.

గవర్నర్ పేరు వదిలి వెళ్ళాడన్నాను కదా. ఆయన ఎర్‌స్కిన్ ప్రభువు. 1934 నుంచి 1940 దాకా మద్రాసు గవర్నర్, మనకు ఛాన్సలర్. ప్రకృతి శాస్త్రాలకు పెట్టిన కాలేజీకి ఎర్‌స్కిన్ కాలేజీ ఆఫ్ నేచురల్ సైన్సెస్ అని పేరు. బాటనీ, జువాలజీ, జియాలజీ చదివిన మా మేనమామ వయసు వాళ్ళు ఎర్‌స్కిన్ అనలేక 'ఎరస్కిన్' అనేవారు. ఆయన స్కాట్‌లాండు ప్రభువంశం వాడనీ, తర్వాత ఎక్కడికి పోయాడనీ ఎవరికీ పట్టలేదు. లక్షలిచ్చిన రాజు పేరూ, ఆరేళ్ళు కుర్చీలో కూర్చున్న దొర పేరూ ఒకే మెట్ట మీద పక్కపక్కనే నిలిచాయి. నన్నడిగితే రెండో పేరు కాస్త చవగ్గా వచ్చింది.

అయితే ఎర్‌స్కిన్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లోనే ఒక మంచి పని జరిగింది. 1938లో గిడుగు రామమూర్తి పంతులుకు యూనివర్సిటీ కళాప్రపూర్ణ ఇచ్చింది. వాడుక భాష కోసం పండితులతో ముప్పై ఏళ్ళు తగువులాడిన మనిషి, సవర భాషకు నిఘంటువూ వ్యాకరణమూ రాసిన మనిషి. పర్లాకిమిడి నుంచి రాజమండ్రి చేరి, అప్పటికి డెబ్భై అయిదేళ్ళవాడు. కళాప్రపూర్ణ అన్నది ఏయూ సొంత సొమ్ము, ఇక్కడే పుట్టిన గౌరవం. దాని తర్వాత రెండేళ్ళకు గిడుగు పోయాడు.

యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పల్లెల దారి పట్టింది. మా నాయనమ్మ ఇత్తడి బిందె ఒకటి నూతిలో వదిలేసి వెళ్ళిన కథ నాకు కంఠతా వచ్చు. తిరిగొచ్చాక బిందె దొరికింది, తాడు దొరకలేదు. యూనివర్సిటీ కూడా మూట కట్టుకుని గుంటూరు వెళ్ళింది. క్యాంపస్ మిలటరీ చేతికి పోయింది. క్లాసుల్లో సైనికుల మంచాలు. 1946లో గానీ మెట్ట మీద మళ్ళీ గంట మోగలేదు. ఆ నాలుగేళ్ళ ఆతిథ్యం గుంటూరు మరిచిపోలేదేమో, 1967లో ఏయూ పీజీ సెంటరు అక్కడే వెలిసింది, 1976లో అదే నాగార్జున యూనివర్సిటీ అయింది.

స్వరాజ్యం వచ్చాక దొరలు పోయారు, కుర్చీ మిగిలింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక చందూలాల్ త్రివేదీ గవర్నర్, కాబట్టి ఛాన్సలర్. ఆయన ఉన్నది కర్నూల్లో, తర్వాత హైదరాబాదులో. క్యాంపస్ అసలు పెరిగింది మాత్రం వైస్ ఛాన్సలర్ వి.ఎస్. కృష్ణ చేతి మీదుగా, 1949 నుంచి 1961 దాకా. లైబ్రరీకి ఆయన పేరు పెట్టింది ఉత్తినే కాదు. తర్వాత్తర్వాత మద్దిలపాలెం వైపు నార్త్ క్యాంపస్, ఇంజినీరింగ్ కాలేజీ, ఇటు సౌత్ క్యాంపస్, మొత్తం 422 ఎకరాలు. మా చిన్నప్పుడు జీడిమామిడి పళ్ళకు దూకిన గోడలకు ఇప్పుడు ఇనుప కంచెలు. క్యాంపస్ పెరుగుతుంటే దాని పరిధి తరుగుతూ వచ్చింది. ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేసి పంపినట్టు తిరుపతి 1954లో, గుంటూరు 1976లో, రాజమండ్రి నన్నయ 2006లో, శ్రీకాకుళం అంబేడ్కర్ 2008లో వేరింటి కాపురాలు పెట్టుకున్నాయి. అన్నిటికీ పెద్దచుట్టం మళ్ళీ ఆయనే.

నా సంగతి చెప్పాలంటే, నేను ఏ ఛాన్సలర్ ముందూ గౌను వేసుకోలేదు. పట్టా చేతికొచ్చే ఏడు బ్యాంకు ఉద్యోగం వచ్చి ఒరిస్సా సరిహద్దులో పడ్డాను. రుసుము కట్టి 'ఇన్ ఆబ్సెన్షియా' అని టిక్కు పెట్టాను. అట్టగొట్టంలో చుట్టి పోస్టులో వచ్చింది. పోస్ట్‌మాన్ దాన్ని క్యాలెండర్ అనుకుని గుమ్మం పక్కన నిలబెట్టి పోయాడు. మా అమ్మాయి పీహెచ్‌డీ పట్టా పుచ్చుకున్ననాడు మాత్రం హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. గౌను అద్దెకు తెచ్చుకున్నది, భుజం దగ్గర పిన్నీసు. గవర్నర్ గారు ఒక్కొక్కరికీ నవ్వుతూ కాగితం అందిస్తుంటే పక్కన ఏడీసీ చెయ్యి గడియారం వైపు పోతోంది. మా అమ్మాయి వంతు మూడు సెకన్లు. ఆ మూడు సెకన్ల ఫొటో మా హాల్లో ఇరవై ఏళ్ళుగా ఉంది. పెద్దచుట్టం విలువ అదే మరి, తీసిపారేయలేను.

ఇప్పుడు వైస్ ఛాన్సలర్‌ను సెనేట్ ఎన్నుకోదు. సెర్చ్ కమిటీ పేర్లు, ప్రభుత్వం మాట, చివరికి ఛాన్సలర్ సంతకం. ఈ కుర్చీలో గవర్నరే ఉండాలా అని కేరళ, తమిళనాడు, బెంగాల్ 2022లో బిల్లులు తెచ్చి వాదించాయి. మన దగ్గర ఆ వేడి అంతగా లేదు. 1930లో ఒక వైస్ ఛాన్సలర్ ఆ వాదాన్ని ఒక్క కాగితం మీద తేల్చేశాడు కాబట్టి కాబోలు అని నేను సర్దిచెప్పుకుంటాను.

చక్రం తిరగడం చూడండి. 1926లో యూనివర్సిటీ పుట్టింది బెజవాడలో. 2019లో రాష్ట్ర గవర్నర్ కాపురం హైదరాబాదు నుంచి అదే బెజవాడకు, సూర్యారావుపేటలోని పాత ఇరిగేషన్ క్యాంపు ఆఫీసుకు వచ్చింది. ఇంతకన్నా నాకు ఇష్టమైన మలుపు ఇంకొకటుంది. మా ఏయూలో ఇంజినీరింగ్ చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి, 2014లో ఈ ఊరి ఎంపీ అయిన కంభంపాటి హరిబాబు 2021లో మిజోరం గవర్నరయ్యారు. 2025 జనవరిలో ఒడిశా గవర్నరయ్యారు. జయపురంలో విక్రమదేవ్ పేరు మీదున్న పాత కాలేజీ 2023లో యూనివర్సిటీ అయింది. దానికి హోదారీత్యా ఛాన్సలర్ ఒడిశా గవర్నర్. అంటే ఆ రాజుగారి లక్షతో ఎదిగిన క్యాంపస్‌లో పాఠం చెప్పిన మాస్టారు, ఆ రాజుగారి ఊళ్ళో ఆయన పేరున్న యూనివర్సిటీకి ఇప్పుడు పెద్దచుట్టం.

ఈసారి ఏయూలో సైన్స్ బ్లాకుల వైపు నడిస్తే, పక్కన పిల్లలుంటే, జేవీడీ అన్న మూడక్షరాల వెనక ఎవరున్నారో చెప్పండి.