ఆరు మూలల బొమ్మ

కొన్నేళ్ళ క్రితం కాగ్నిటివ్ సైన్స్ వర్క్‌షాప్ ఒకదానికి అప్లై చేస్తూ ఫారం దగ్గర ఆగిపోయాను. 'మీ రంగం' అన్నచోట ఆరు గడులు: సైకాలజీ, లింగ్విస్టిక్స్, ఫిలాసఫీ, కంప్యూటర్ సైన్స్, న్యూరోసైన్స్, ఆంత్రొపాలజీ. బీటెక్ ధైర్యంతో నాలుగోదాని మీద టిక్ పెట్టాను. సీటు రాలేదు, అది వేరే సంగతి. ఈ ఆరే ఎందుకు, ఎవరు రాశారు అన్న ప్రశ్న మాత్రం వదల్లేదు.

వెతుక్కుంటూ పోతే తేలింది డబ్బు. 1970ల రెండో సగంలో అమెరికాలో స్లోన్ ఫౌండేషన్ ఈ కొత్త రంగానికి నిధులివ్వడం మొదలుపెట్టింది. ఇవ్వాలంటే ఎవరికివ్వాలో తెలియాలి కదా! 1978లో దానికోసం తయారైన నివేదికలో ఈ ఆరు శాస్త్రాలనీ షడ్భుజిగా గీశారు. 1985లో హోవర్డ్ గార్డ్‌నర్ తన పుస్తకంలో ఆ బొమ్మ వేశాడు. అందులో కొన్ని మూలల మధ్య నిండు గీతలు, కొన్నింటి మధ్య తెగిన గీతలు. అంటే గట్టి చుట్టరికం కొందరికే.

తమాషా ఏమిటంటే, మూలపురుషుల్లో ఎవరూ ఆ గడుల్లో సరిగ్గా ఇమడరు. జార్జ్ మిల్లర్ లెక్కలో ఈ శాస్త్రం పుట్టినరోజు 1956 సెప్టెంబర్ 11. ఆరోజు ఎమ్.ఐ.టి. సదస్సులో న్యూవెల్, సైమన్‌లు తర్కసూత్రాలని నిరూపించే తమ ప్రోగ్రామ్ గురించి చెప్పారు, చామ్‌స్కీ వ్యాకరణాల గురించి మాట్లాడాడు. సైమన్ పీహెచ్‌డీ రాజనీతిశాస్త్రంలో. నోబెల్ వచ్చింది ఎకనామిక్స్‌కి, అదీ సరిగ్గా 1978లోనే. 1973లో 'కాగ్నిటివ్ సైన్స్' అన్న పేరు పెట్టిన లాంగెట్-హిగ్గిన్స్ అయితే అంతకుముందు కెమిస్ట్రీ ప్రొఫెసరు!

మన రాజ్ రెడ్డి సంగతి చూడండి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్‌లో మాటని అర్థం చేసుకునే హియర్‌సే వ్యవస్థలు కట్టించినవాడు. శబ్దం తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వ్యాకరణం తెలిసిన భాగం ఒకే నల్లబల్ల మీద తమ ఊహలు రాసి, ఒకదాన్నొకటి దిద్దుకోవడం అందులో కిటుకు. మనిషి ఎలా చదువుతాడో వివరించడానికి 1977లో రూమెల్‌హార్ట్ అనే సైకాలజిస్టు ఆ కిటుకునే తెచ్చుకున్నాడు. అయినా మన పేపర్లలో రాజ్ రెడ్డి ఎప్పుడూ కంప్యూటర్ శాస్త్రవేత్తే.

బాగా నష్టపోయింది ఆంత్రొపాలజీ. మార్గరెట్ బోడెన్ 2006లో తన బృహద్గ్రంథంలో దాన్ని తప్పిపోయిన శాస్త్రమంది. 2019లో రఫాయెల్ నూన్యెస్, అతని సహచరులు జర్నల్లో అచ్చయ్యే వ్యాసాలనీ, యూనివర్సిటీ సిలబస్‌లనీ లెక్కలు కట్టి, షడ్భుజి కాస్తా చాలామటుకు సైకాలజీ అయిపోయిందన్నారు. నాకది అన్యాయంగానే తోస్తుంది. ఎందుకంటే ఈ మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన పుస్తకం రాసింది ఎడ్విన్ హచిన్స్ అనే ఆంత్రొపాలజిస్టే. అమెరికా నేవీ ఓడలో దారి లెక్కగట్టడం ఏ ఒక్కడి బుర్రలోనూ జరగదని, నావికులూ పరికరాలూ చార్టూ కలిసి ఆలోచిస్తాయని 1995లో చూపించాడు.

రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయి, నలుగురం కాల్‌లో ఉండి, ఒకడు లాగ్ చదువుతుంటే ఇంకొకడు గ్రాఫ్ చూస్తున్నప్పుడు నాకా ఓడే గుర్తొస్తుంది. పొద్దున 'బగ్ ఎవరు పట్టారు?' అని మేనేజర్ అడుగుతాడు. ఆయన ఫారంలోనూ ఒక్క పేరుకే చోటుంటుంది.