మన్ననూరు దారిలో ఎండకాలపు పాట

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. నల్లమల అంచు పల్లెల్లో ఆ చలి పోయే వేళకే పాటల కాలం మొదలయ్యేది. శివరాత్రికి శ్రీశైలం బాట, ఉగాదికి ఊరి దేవతలు, చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర. ఈ మూడింటి మధ్య నెలన్నర. కళ్లంలో గింజలు ఇంటికి చేరి, మళ్లీ నాగలి కట్టే దాకా చేతులు ఖాళీగా ఉండే రోజులు. అడవిలోని పెంటలనే చెంచు గూడేలు, మైదానపు ఊళ్లు, కిన్నెర భుజాన వేసుకుని తిరిగే గాయకులు ఒకే దారిలో కలుసుకునే రోజులు కూడా అవే.

ఆ దారి మన్ననూరు మీదుగా పోతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలోని ఈ ఊరు హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద అడవికి గడప. అటవీశాఖ చెక్‌పోస్టు దాటితే ఘాట్ మొదలవుతుంది, పైన ఫరహాబాద్ వస్తుంది. నిజాం కాలంలో అది వేట విడిది. కొండ మీద ప్రతాపరుద్రుని కోటగా చెప్పుకునే శిథిలాలున్నాయి. రాజులూ నవాబులూ కోటలు, విడిదులు కట్టుకున్న ఈ అడవిలో వాళ్ల కంటే పాత బాటసారులు యాత్రికులు. వాళ్లు ఏం పాడుకుంటూ నడిచారో చెప్పే సాక్ష్యం 13వ శతాబ్దం నుంచే ఉంది.

పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో ఒక భాగాన్ని పూర్తిగా శ్రీశైలానికి కేటాయించాడు. అదే పర్వత ప్రకరణం. శివరాత్రికి కొండకు పోయే భక్తుల నడక, అలసట, జాగరణ, ఆటపాటలన్నీ అందులో కనిపిస్తాయి. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, వెన్నెల పదాలు అంటూ జనం నోట ఉన్న పాటల రకాలను ఆయన పేరుపేరునా చెప్పాడు. తెలుగు జానపద గేయాల చరిత్ర రాసే ప్రతివారూ ఆ జాబితా దగ్గర ఆగక తప్పదు. పాటల మాటలు పోయినా పాటల పేర్లు మిగిలాయి.

వాయిద్యాల విషయంలోనూ సోమనాథుడు అంతే ఉదారుడు. ఆయన లెక్కపెట్టిన వీణల్లో కిన్నెర ఉంది. ‘బసవపురాణం’లో కిన్నెర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథే ఉంది. దాదాపు ఆ శతాబ్దంలోనే దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’ కిన్నెరను లఘు, బృహత్ అని విభజించి వర్ణించింది. ఇవాళ పాలమూరు మట్టి వాయిద్యంగా చెప్పుకునే కిన్నెర ఒకనాడు శాస్త్రగ్రంథంలో కూడా పీట వేసుకుని కూర్చున్నదన్నమాట. తర్వాతి కాలంలో కచేరీల వీణ రాజాస్థానాల్లో స్థిరపడింది. కిన్నెర మాత్రం డక్కలి వారి భుజం మీద ఊరూరా తిరిగింది.

పాటకు ఎండకాలమే ఎందుకు? జవాబు పంటల్లో ఉంది. పాలమూరులో యాసంగి జొన్న మాఘ ఫాల్గుణాల్లో ఇంటికొస్తుంది. ఆశ్రిత కులాల కళాకారులకు ఇచ్చే మిరాశి కూడా అప్పుడే తెగుతుంది. ఒగ్గు కథకులు, శారద కథల వాళ్లు, బుడగ జంగాలు, బాలసంతులు, డక్కలి వారు, వీళ్లందరి సంచారానికి గింజలే ఆధారం. గద్వాల వైపు కన్నడ సరిహద్దు ఊళ్లలో బయలాటలు వేయడానికైనా కోతలయ్యాకే తీరిక. వాన భయం లేదు, వెన్నెల ఉంది, పొలం పని లేదు. ఒక కథ మూడు రాత్రులు సాగినా వినేవాళ్లకు తీరిక ఉండేది.

అడవిలో లెక్క వేరు. చెంచులకు ఎండకాలం ఇప్పపువ్వు కాలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే చెట్ల కింద రాలిన పువ్వును ఏరుకుంటారు. ఎండబెట్టి దాచుకుంటారు, సారా కాస్తారు. వాగులెండి, నీళ్లు కొద్ది చోట్లే మిగిలినప్పుడు మనుషులు ఆ చోట్లకే చేరతారు. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని నమోదు చేశాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకం హైదరాబాద్ సంస్థానపు ఆదివాసులపై వెలువడిన గ్రంథమాలలో మొదటిది. గారెల మైసమ్మకు వేటలో దొరికిన దానిలో కొంత సమర్పించే తీరు, కుటుంబాలు కాలాన్ని బట్టి చోటు మార్చే తీరు అందులో వివరంగా ఉన్నాయి.

శివుడితో చెంచులకు చుట్టరికం ఉంది. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య అంటారు, తమ పిల్లను చేసుకున్న అల్లుడంటారు. నల్లమల నడిబొడ్డున ఉన్న బౌరాపూర్‌లో శివరాత్రికి భ్రమరాంబ, మల్లికార్జునుల పెళ్లి చెంచుల చేతుల మీదుగానే జరుగుతుంది. అవతల కర్నూలు వైపు నుంచి ఉగాదికి నడిచివచ్చే కన్నడ భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీర సారె తెస్తారు. ఒకే కొండకు ఒక దిక్కు నుంచి మామవారు, ఇంకో దిక్కు నుంచి పుట్టింటివారు వస్తున్నారంటే ఆ దారుల్లో పెళ్లిపాటలకూ సరసాలకూ కొదవేముంటుంది!

ఈ ఎండకాలపు పాటల బాటలో పెద్ద మజిలీ సలేశ్వరం. మన్ననూరు దాటి ఫరహాబాద్ గేటు దగ్గర అడవిలోకి మళ్లి, రాంపూర్ పెంట మీదుగా కొంత దూరం వాహనంలో పోయి, ఆ తర్వాత రాళ్ల మీద, చెట్ల వేళ్లు పట్టుకుని లోయలోకి దిగాలి. రెండు కొండల నడుమ పైనుంచి నీళ్లు గుండంలో పడుతుంటాయి. పక్కనే గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. లింగాల వైపు నుంచి ఇంకో దారి ఉంది. ఆ ఊళ్ల వాళ్లు ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని, వంట సామగ్రి వేసుకుని, పిల్లాజెల్లాతో అడవిలో రాత్రులు గడుపుతూ వచ్చేవారు.

దిగేటప్పుడు అందరి నోటా ఒకటే కేక: వస్తున్నాం లింగమయ్యా! ఎక్కేటప్పుడు: పోయొస్తాం లింగమయ్యా! ఎవరూ నేర్పరు, ఎవరూ మొదలుపెట్టమనరు. ఇరుకు దారిలో ముందున్న గుంపు కేక వేస్తే వెనకున్నవాళ్లు అందుకుంటారు. కనిపించని మలుపు అవతల మనుషులున్నారో లేదో దాంతో తెలుస్తుంది. జారే రాయి దగ్గర ఒకరి ధైర్యం ఇంకొకరికి అందుతుంది. నడిచేవాళ్ల ఊపిరికి సరిపోయేంత చిన్న మాటే దరువు అయింది. డప్పు, తాళాలు, శివసత్తుల పూనకం, భజన బృందాలు దానికి తోడవుతాయి.

ఈ జాతర దారుల్లో, జాతర అయ్యాక ఊళ్లలో వినిపించిన కథల్లో కిన్నెర కథలు ప్రత్యేకం. వాయిద్యాన్ని దగ్గరగా చూస్తే అది చుట్టూ ఉన్న అడవిలో దొరికిన వాటితోనే తయారైందని తెలిసిపోతుంది. పొడవాటి వెదురు బొంగు, కింద ఎండిన మూడు సొరబుర్రలు. బొంగు మీద వరసగా మెట్లు. పాత కిన్నెరల్లో ఆ మెట్లకు అలుగు పొలుసులు వాడేవారు, వాటిని తేనెమైనంతో అతికించేవారు. మైనం కాబట్టి శ్రుతి తప్పితే మెట్టును కొంచెం వేడిచేసి జరుపుకోవచ్చు. ఎండకు మెత్తబడితే మళ్లీ సర్దుకోవాల్సిందే. ఏడు మెట్లవీ పది మెట్లవీ ఉన్నాయి. అరుదైనది పన్నెండు మెట్లది.

డక్కలి వారు మాదిగలకు ఆశ్రితులు. మాదిగ వాడ లోపలికి రాకుండా ఊరి బయటే గుడారం వేస్తారు. జాంబవంతుడి నుంచి మొదలయ్యే జాంబపురాణం చెబుతారు. అడిగే హక్కు వాళ్లది, ఇచ్చే బాధ్యత మాదిగలది. ఎవరి ఇంటి పేరుకు ఏ వంశమో, ఎవరి తాత ఎక్కడి నుంచి వచ్చాడో కూడా వాళ్ల నోటనే ఉండేది. కులానికి పురాణం, ఇంటికి వంశవృక్షం చెప్పే ఆ నోటితోనే వీరగాథలూ చెప్పారు. పురాణం వినడానికి కూర్చున్నవాళ్లే అర్ధరాత్రి దాటాక పండుగ సాయన్న కథ అడిగేవారు.

పండుగ సాయన్న 19వ శతాబ్దపు పాలమూరు మనిషి. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టినవాడిగా జనం చెప్పుకుంటారు. సర్కారు దృష్టిలో బందిపోటు. కథలో ఆయన పేదింటి పెళ్లిళ్లు చేయిస్తాడు, ఆకలితో ఉన్నవారికి గింజలు పంచుతాడు, చివరకు దొరల చేతికి చిక్కుతాడు. మియాసాబ్ కథ కూడా ఈ కోవలోనిదే. దొరలను ఎదిరించిన సాయన్ననూ ముస్లిం వీరుడు మియాసాబ్‌నూ ఒకే కిన్నెర, ఒకే గొంతు కీర్తించడం పాలమూరు పాటకు కొత్త కాదు. దస్తావేజులు రాసినవాళ్లు ఒక వైపున ఉంటే, కిన్నెర మెట్ల మీద చరిత్ర రాసినవాళ్లు రెండో వైపున ఉన్నారు.

ఆ కథలను ఇవాళ్టి దాకా మోసుకొచ్చిన మనిషి దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. అంటే సలేశ్వరం దారి ఊళ్లలోనివాడే. పన్నెండు మెట్ల కిన్నెర ఆయనకు తాతముత్తాతల నుంచి వచ్చింది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు జానపద, ఆదివాసీ వాయిద్యాలను వెతికి సేకరించే పనిలో కిన్నెరను కూడా నలుగురి దృష్టికి తెచ్చారు. తెలంగాణ ఏర్పడ్డాక ఉగాది పురస్కారం, బడి పుస్తకంలో పాఠం వచ్చాయి. 2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొగులయ్య గొంతుతో మొదలైనప్పుడు పట్నం పిల్లలు మొదటిసారి కిన్నెర విన్నారు. 2022లో పద్మశ్రీ. 2024లో పద్మశ్రీ అందుకున్న నారాయణపేట జిల్లా దామరగిద్ద కళాకారుడు దాసరి కొండప్పది బుర్రవీణ. అదీ వెదురు, సొరబుర్రల వాయిద్యమే.

గౌరవాలు వచ్చేనాటికి వాటి కింద ఉన్న నేల కదిలిపోయింది. మిరాశి గింజలు ఎప్పుడో తగ్గిపోయాయి. జొన్న స్థానంలో పత్తి వచ్చింది. పత్తి అమ్మితే డబ్బు వస్తుంది గానీ కళ్లంలో కొలిచి పోయడానికి గింజ ఉండదు. పాలమూరు కూలీలు దేశమంతా వలసపోయారు, రాత్రి కథ వినే జనం ఊళ్లలో పలచబడ్డారు. 2024 మే నెలలో పద్మశ్రీ మొగులయ్య హైదరాబాద్ శివార్లలోని తుర్కయంజాల్‌లో భవన నిర్మాణ కూలీగా కనిపించిన దృశ్యాలు పత్రికలకెక్కాయి. బిరుదు ఉన్నా నెలనెలా ఇల్లు గడవాలి కదా. ఒకప్పుడు ఆ పని వంద ఊళ్లు కలిసి చేసేవి.

పాట మాత్రం అంతటితో ఆగలేదు. ఇదే జిల్లా తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పల్లె బాణీలతోనే రాష్ట్రమంతా తిరిగాడు. ఆయన ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. 2019లో యురేనియం తవ్వకాల ప్రతిపాదన మీద అమ్రాబాద్, పదర ప్రాంతాలు కదిలినప్పుడు డప్పూ పాటా ముందు నడిచాయి. ఆ సెప్టెంబరులోనే తవ్వకాలు వద్దని రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. శివరాత్రి దారిలో తుమ్మెద పదాలు పాడుకున్న నేల మీద నిరసన పాట కూడా అంతే సహజంగా మొలిచింది.

అడవి నియమాలూ మారాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేస్తారు. సలేశ్వరం జాతరను ఇటీవలి ఏళ్లలో చైత్ర పున్నమి చుట్టూ మూడు రోజులకు కుదించారు. చీకటిపడే లోపు జనం బయటికి రావాలి, ప్లాస్టిక్ తేకూడదు. పులికీ ఎండుగడ్డికీ నిప్పుకీ భయపడి పెట్టిన ఈ షరతులను కాదనలేం. కానీ కథ రాత్రిది. పగటిపూట మూడు రోజుల్లో లక్షల మంది ఒకరినొకరు తోసుకుంటూ దిగి ఎక్కే చోట కేకకు వీలుంటుంది గానీ, కూర్చుని వినే కథకు వీలుండదు. అలుగు ఇవాళ వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. కొత్త కిన్నెర చేసేవాళ్లు మెట్లకు ఇంకో వస్తువు చూసుకోవాలి. అదేమంత కష్టం కాదు. వినే రాత్రిని సంపాదించడమే కష్టం.

అందుకు మన్ననూరుకే అనుకూలం ఎక్కువ. గేటుకు ఇవతలి చివరి ఊరు ఇదే. చెంచుల ఐటీడీఏ కార్యాలయం ఇక్కడే ఉంది. ఉదయం ఆరుకు గేటు తెరిచే దాకా ఆగాల్సిన యాత్రికులు ముందు రాత్రికే ఇక్కడికి చేరుతుంటారు. అడవిలో జరపలేని జాగరణను గేటు బయట ఒక మైదానంలో జరపడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. చెంచు పెంటల పాటగాళ్లు, లింగాల కిన్నెర, నారాయణపేట బుర్రవీణ, గద్వాల బయలాట, ఒక్కో బృందానికి కచ్చితమైన పారితోషికం, తెల్లవారుజాము దాకా సాగే కథ. జిల్లా యంత్రాంగం ఏటా జాతరకు రోడ్డు, నీళ్లు, వైద్య శిబిరాలు ఏర్పాటు చేస్తూనే ఉంది. ఆ జాబితాలో ఒక వేదిక, నాలుగు దీపాలు చేర్చడం పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే చైత్ర పున్నమికి ముందు రాత్రే మొదలుపెట్టవచ్చు.