రంగం బియ్యం, కంట్రోలు బియ్యం

ఆ మధ్య మా తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "సార్, డీలరు దగ్గర తెచ్చే బియ్యాన్ని మా నానీ కంట్రోలు బియ్యం అంటుంది. ఎవర్ని కంట్రోలు చెయ్యడానికి సార్?" అని అడిగినాడు. తరగతంతా నవ్వింది. మేమూ నవ్వినాము. తీరా జవాబు చెప్పబోతే అది బెర్లిన్ దాకా పోయింది. మన సంఘ సభ్యులకు, వారి ఇళ్ళల్లోని పిల్లలకు కూడా ఉపయోగపడునని తలచి ఆ జవాబునే కొంచెం పెంచి ఇక్కడ వ్రాస్తున్నాము.

రెండవ ప్రపంచ యుద్ధానికి కారణాలు పరీక్షల కోసం అంకెలు వేసి వ్రాయిస్తాము. 1919 వెర్సెయిల్స్ సంధిలో ఓడిన జర్మనీ నెత్తిన మోయలేని నష్టపరిహారం పెట్టినారు. 1929లో లోకమంతా వ్యాపారాలు కూలి, పనులు పోయినవి. ఆకలీ, అవమానమూ ఒక ఇంట చేరితే ఏమవుతుంది? 1933 జనవరిలో హిట్లరు గద్దె ఎక్కినాడు. 1939 సెప్టెంబరు 1న పోలండు మీద పడ్డాడు. 3వ తేదీన బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అదే రోజున వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నదని చెప్పేసినాడు. మన నాయకులను ఒక్క మాట అడగలేదు. అందుకే ఆ అక్టోబరులో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. దొరల తగవులు మన గుమ్మంలోకి రావడం తాండ్ర పాపారాయుని ఊరివాళ్ళమైన మనకు కొత్త కాదనుకోండి. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిన బుస్సీ ఏ దేశపువాడో అందరికీ తెలిసిందే.

అయితే ఈసారి యుద్ధాన్ని మన వాకిట్లోకి తెచ్చింది జర్మనీ కాదు, జపాన్. 1937 నుంచి చైనాతో పోరాడుతున్న జపానుకు 1941లో అమెరికా పెట్రోలు అమ్మడం మానేసింది. ఆ నూనె కోసం, రబ్బరు కోసం జపాన్ దక్షిణానికి దిగింది. డిసెంబరు 7న పెర్ల్ హార్బరు. అదే నెల 23న రంగూన్ మీద బాంబులు. మనకు సంబంధించినంతవరకు అసలు కథ ఇక్కడే మొదలు.

రంగూన్ అంటే మన పెద్దలకు "రంగం". కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవుల్లో ఓడ ఎక్కి మన ప్రాంతపు కూలీలు వేలమంది అక్కడి రేవు పనికి, బియ్యం మిల్లులకు పోయేవారు. 1931 లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. మనవాళ్ళను అక్కడ "కొరంగీలు" అనేవారు, అది గౌరవపు మాట కాదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినప్పుడు పెద్ద కొట్లాటై ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా ఓడలు ఆగలేదు, ఇక్కడ పనుంటే కదా.

1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కింది. ఓడ టిక్కెట్టు దొరికినవాడు అదృష్టవంతుడు. దొరకనివాళ్ళు లక్షలమంది నడిచినారు. కొందరు ప్రోము నుంచి కొండలు దాటి టౌంగుప్ మీదుగా అక్యాబు, చిట్టగాంగు వైపు, కొందరు తాము దారిని ఇంఫాలు వైపు. కలరా, మలేరియా, దాహము. పిల్లలను భుజాన వేసుకొని బయల్దేరి ఒట్టి భుజాలతో వచ్చిన తల్లులున్నారు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అని కూడా విడదీసినారు. దీన్ని మాత్రం మేము తరగతిలో గొంతు మామూలుగా పెట్టుకొని చెప్పలేకపోయినాము.

ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. ఆ రెండు రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవై దాకా వర్తక నౌకలు మునిగినవి. విశాఖ ఖాళీ అయిపోయింది. బండ్లు కట్టుకొని, తట్టలు నెత్తిన పెట్టుకొని జనం లోపలి ఊళ్ళకు తరలినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు మార్చినారు. పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉన్నది. పిల్లలను తీసుకుపోతే చూపించండి.

ఇక బియ్యం సంగతి. యుద్ధానికి ముందు బర్మా నుంచి మన దేశానికి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. అది ఒక్కసారిగా ఆగింది. మరోవైపు బ్రిటన్ ఇక్కడ సైన్యానికి కొన్నదానికి లండన్‌లో పద్దు వ్రాసుకొని, ఇక్కడ నోట్లు అచ్చు వేయించింది. యుద్ధం ముగిసేసరికి చలామణిలోని నోట్లు అయిదు రెట్లు దాటినవి. సరుకు తక్కువ, నోట్లు ఎక్కువ. ధర ఎక్కడ ఆగుతుంది? 1943లో బెంగాలులో దాదాపు 30 లక్షలమంది ఆకలికీ, దాని వెంట వచ్చిన రోగాలకూ పోయినారు. మద్రాసు రాజధానిలో అంత ఘోరం జరగలేదు గాని, రేషను వచ్చింది, ధాన్యం మీద కంట్రోలు వచ్చింది. ఆ పిల్లవాడి నానీ నోట ఉన్న మాట అప్పటిదే.

మా దాదీ చెప్పేది, ఆ రోజుల్లో చోడి అంబలే రెండు పూటలూనట. కిరసనాయిలు దొరక్క ఆముదం దీపం. ఈద్‌కు కొత్త బట్ట అనే మాటే లేదు, పాతదే ఉతికి, గంజి పెట్టి తొడిగేవారట. రాగి మిగల్చడానికి 1943 నుంచి ప్రభుత్వం నడుమ బెజ్జం పెట్టిన కాణీలు వేసింది. పిల్లలు వాటిని దారానికి గుచ్చి మెడలో వేసుకునేవారు. అలాంటి చిల్లికాణీ ఒకటి ఆమె తాళంచెవుల గుత్తికి ఉండేది.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. మన ఊళ్ళల్లో కంట్రోలు లొంగలేదు. స్వరాజ్యం వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది, అప్పటికీ బియ్యానికి కంట్రోలే. 1952 జూన్‌లో మళ్ళీ ముఖ్యమంత్రి అయిన రాజాజీ దాన్ని ఎత్తివేసినాడు. యుద్ధం ఎప్పుడు అయిపోయింది దాదీ అని మేము చిన్నప్పుడు అడిగితే ఆమె హిట్లరు పేరు, జపాను పేరు ఎత్తలేదు. "బజార్లో బియ్యం కుప్పలు పోసి అమ్మిన సంవత్సరం" అన్నది.