కొట్టివేసిన పేరు

ప్రత్యేక సంచికకు మన ఆఫీసుల పాత సంగతులేవైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రిజిస్టర్ల గురించి చాలామంది వ్రాస్తారు గనుక, వాటి తరువాత వచ్చిన కంప్యూటరు ఫైళ్ల గురించి మనవి చేస్తాను.

1976లో ఏర్పడిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు 1980ల చివరికి జిల్లా కేంద్రాలకు కంప్యూటర్లు తెచ్చింది. కొన్నేళ్లకు మా ఆఫీసుకూ ఒకటి వచ్చింది. జాబితాలన్నీ డీబేస్‌లో ఎక్కించేవాళ్లం. అమెరికాలో వేన్ రాట్లిఫ్ వ్రాసిన ప్రోగ్రాము అది. దాని మూడవ రూపం 1984లో వచ్చింది. అదే బాటలో వచ్చిన ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో మద్దతు ఆపేసింది. ప్రోగ్రాములు పోయాయి, ఫైళ్లు మిగిలాయి.

1994లో నేను తయారుచేసిన సిబ్బంది జాబితా ఫ్లాపీలో ఉండేది. మా అబ్బాయి దానిని ఎప్పుడో తన కంప్యూటరులోకి ఎక్కించి ఉంచాడు. కిందటేడు కీర్తిశేషుడైన ఒక సహోద్యోగి భార్య కొండపల్లిలో మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యగారూ, ఆయన రెండేళ్ల సర్వీసుకు ఆధారం లేదంటున్నారు" అంది. ఆ ఉత్తర్వు నంబరు నా జాబితాలో ఉండాలి.

మనవడు ఏదో కొత్త ప్రోగ్రాముతో ఫైలు తెరిచాడు. 409 పేర్లు వచ్చాయి. ఆయన పేరు లేదు.

మనం రిజిస్టరు తెరవగానే మొదటి పుటలో "ఇందు ఇన్ని పుటలు గలవు" అన్న ధ్రువపత్రం చూసేవాళ్లం. అలాంటిది దీనికి లేదా అని అడిగాను. ఉంది. ఫైలు మొదట్లోనే మొత్తం పద్దులెన్ని, ఒక్కో పద్దు ఎన్ని అక్షరాల పొడవు అన్నది వ్రాసి ఉంటుంది. పద్దుల సంఖ్య ఉండే నాలుగు గళ్లలో 156, 1, 0, 0 ఉన్నాయి. చిన్న స్థానం ముందు వస్తుంది. మన శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటలతో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం ముందు చెప్పినట్టే. రెండో గడి విలువ 256 రెట్లు గనుక 256, 156 కలిపితే 412. మూడు పేర్లు తక్కువ!

సరి చూశాం. పద్దుకు 79 అక్షరాల చొప్పున 412కు 32,548. ముందున్న వివరాలకు 193, చివరి గుర్తుకు 1. మొత్తం 32,742. ఫైలు పరిమాణం సరిగ్గా అంతే. అంటే ఏదీ పోలేదు, ప్రోగ్రామే మూడింటిని దాచింది.

కారణం నాకప్పుడు గుర్తొచ్చింది. డీబేస్‌లో పేరు తీసివేస్తే అది చెరిగిపోదు. పద్దు మొదట్లో ఖాళీకి బదులు ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. "ప్యాక్" అన్న ఆజ్ఞ ఇస్తేనే శాశ్వతంగా పోతుంది. ఆయన బదిలీ అయినప్పుడు ఆ నక్షత్రం పెట్టింది నేనే. అదృష్టవశాత్తు ప్యాక్ చేయలేదు.

కొట్టివేసిన పద్దులు కూడా చూపించమన్నాను. ఆయన పేరు, ఉత్తర్వు నంబరు, తేదీ చెక్కుచెదరకుండా వచ్చాయి. నా ఫైలు సాక్ష్యం కాదు గాని, ఆ నంబరు పట్టుకుని వెతికితే ఆఫీసు రికార్డు గదిలో అసలు ఉత్తర్వే దొరికింది. ఆమెకు రావలసింది వచ్చింది.

కనుక నా మనవి ఒక్కటే. పాత ఫైలు తెరిచినప్పుడు తెర మీద కనిపించినదే లెక్క అనుకోవద్దు. మొదటి పుటలోని సంఖ్యతో సరిచూడమని పిల్లలకు చెప్పండి. అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు మీదే పని చేయమనండి. కొట్టివేతను కూడా చదవగలిగేలా ఉంచాలని సర్వీసు రిజిస్టరు మనకు నేర్పింది. ఆ పద్ధతే ఒక ఇంటిని ఆదుకుంది.

— ఒక విశ్రాంత గుమాస్తా, కొండపల్లి