బాట పెంచిన పేట: సూర్యాపేట

కోటలున్న ఊళ్ల చరిత్ర చెప్పుట సులువు. భువనగిరి యనగానే ఏకశిలపై కోట కన్నులకు కట్టును. దేవరకొండ యనగానే కొండల నడుమ రేచర్ల వెలమదొరల ప్రాకారములు తలపునకు వచ్చును. సూర్యాపేటకు అట్టి భాగ్యము లేదు. ఏలిన రాజు లేడు, పేరుగన్న కోట లేదు, ఊరు నది ఒడ్డున లేదు, రైలు నేటికిని రాలేదు. అయినను నల్లగొండ సీమలో ధాన్యమమ్మదలచిన రైతు ఈ పేట పేరు తలపక మానడు. ఇట్టి ఊరు ఏ బలముచే నిలిచినదో విచారింపదగును.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు బాట సుమారు 170 మైళ్లు. దానికి ఇంచుమించు నడిమిభాగమున సూర్యాపేట యున్నది. అటు 85 మైళ్లు, ఇటు అంతే. ఇచటినుండియే జనగామకు, ఖమ్మమునకు, మిర్యాలగూడకు దారులు చీలును. పేటకు పడమట కొలదిదూరమున మూసీ పారును. అది అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమనుండి వచ్చి, పేటను ప్రక్కకు విడిచి, వాడపల్లికడ కృష్ణలో కలియును. నేల చాలవరకు ఎఱ్ఱ చెలక. వాన కురిసిన జొన్న, పెసర, ఆముదము. చెఱువు నిండిన వరి.

ఎడ్లబండి దినమునకు నడచునది 12 మొదలు 15 మైళ్లు. ఈ లెక్కన పట్నమున కట్టిన బండి ఆఱవనాటికో ఏడవనాటికో ఇచటికి చేరును. ఎడ్లకు విశ్రాంతి, ఇరుసునకు కందెన, బండివానికి వంటచెఱకు, సరకునకు కొనువాడు, ఇవి నాలుగును ఇట్టి నడిమి మజిలీలోనే కావలసియుండెను. మధ్యయుగమున చెకుల దేశమునందు సంత జరుపుకొను హక్కును ప్రభువు పత్రముపై వ్రాసి ఇచ్చినగాని పల్లె సంతపట్టణము కాకుండెడిది. మన పేటకు అట్టి పత్రమును ఎడ్ల గిట్టలే వ్రాసినవి.

ఈ సీమలో బేరము నిన్నమొన్నటిది కాదు. పేటకు సుమారు 25 మైళ్ల దూరమున ఫణిగిరి గుట్టమీద బౌద్ధుల స్తూపవిహారముల శిథిలములున్నవి. 2024లో అచట త్రవ్వగా ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు దొరికినవి. అవి ఇక్ష్వాకుల నాటివని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సీసము రాజులు దాచుకొను లోహము కాదు, అంగడిలో చేతులు మారు చిల్లర. భిక్షువులున్న గుట్టపై ఇంత చిల్లర చేరెనన్న, గుట్ట క్రింద బేరము సాగుచుండెననియే నా తలంపు.

పేటకు మూడు మైళ్ల లోపల పిల్లలమఱ్ఱి కలదు. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు అచట గుడులు కట్టించిరి. నామిరెడ్డి పేర నామేశ్వరము వెలసినది. బేతిరెడ్డి భార్య ఎఱకసాని కట్టించిన ఎఱకేశ్వరము 1208 నాటిది. నున్నని రాతికంబములు, శాసనములు నేటికిని చూడవచ్చును. ఆనాటి అధికారము, ధనము పిల్లలమఱ్ఱివి, నేడది పల్లె. వంశబలముతో వెలిగిన ఊరు వంశముతోడనే వాడినది. బాటమీది బేరమునకు వంశముతో పని లేదు. సూర్యాపేటకు భానుపురి యని పాత పేరందురు. భానుడన్నను సూర్యుడే గాని, పురి పోయి పేట వచ్చినది. పేట యనగా అంగళ్ల ఊరుగదా!

కుతుబ్‌షాహీల కాలమున గోలకొండకు సముద్రద్వారము మచిలీబందరు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దమున ఆ రెంటి నడుమ ప్రయాణించి, తాను చూచినది వ్రాసిపెట్టెను. రాకపోకలట్లు సాగుచుండగా రైలు వచ్చెను. అది 1886లో సికింద్రాబాదునుండి వరంగల్లు చేరి, 1889లో ఖమ్మము మీదుగా బెజవాడ చేరెను. పేట దానికి దూరమయ్యెను. రైలు తప్పిన ఊళ్లనేకము చిక్కినవి గాని పేట చిక్కలేదు. చుట్టుపట్ల పల్లెల పంట కూడుటకు ఒక చోటు కావలయును. రైలు ఆ పని చేయజాలదు. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో మోటారు శాఖ తెఱచిన పిమ్మట బాటలకు మరల ప్రాణము వచ్చినది.

ఇక గంజు మాట. ఆముదపు గింజకు నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు పేరుగన్నవి. రైతు గింజలను తెచ్చి అడితిదారు కొట్టు ముందు కుప్ప పోయును. ఖరీదుదారు పిడికెడు తీసి, చిదిమి చూచి, వెల కట్టును. పూర్వము మన సంతలలో ఈ వెలను పైకి చెప్పు వాడుక లేకుండెను. తువాలు చాటున వ్రేళ్లు పట్టుకొని కుదుర్చుచుండిరి. సరకు రైతుది, వెల యితరుల వ్రేళ్లలోనిది! తూకమున తరుగు, పిమ్మట ధర్మము పేర ఒక కోత, హమాలీ పేర మఱియొకటి. దీనిని కట్టడి చేయుటకే ఫసలీ 1339లో, అనగా 1930లో, హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టము పుట్టినది. దడువాయికి అనుమతి, మార్కెట్టునకు కమిటీ వచ్చినవి. చట్టము తూకమును సరిదిద్దగలదు గాని అప్పును తీర్పజాలదు. విత్తనమునకో పిల్ల పెండ్లికో అడితిదారువద్ద తెచ్చుకొన్న రైతు ఆతని కొట్టుముందే కుప్ప పోయవలెను. ఈ ముడి నేటికిని పూర్తిగా వీడలేదు.

తూర్పుదిక్కున బాటపై మఱియొక విచిత్రముండెను. మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యమే, పరగణా మాత్రము బ్రిటిషువారిది, కృష్ణా జిల్లాలోనిది. ఒకే బాటపై రెండు ప్రభుత్వములు, రెండు నాణెములు. నూఱు కల్దారు రూపాయలకు హాలీ రూపాయలు సుమారు 116. ఈ మారకములో లెక్క రానివాడు నష్టపడుచుండెను. అయినను ఆ పరగణా మనకు మేలే చేసినది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకు తోడ్పడిరి. 1928లో ఆంధ్ర జనసంఘమువారి సభ సూర్యాపేటలోనే జరిగెను. పరగణా 1959లో నల్లగొండ జిల్లాలో కలిసిపోయినది.

బాటపై సరకు వచ్చును, మాట వచ్చును, సైన్యమును వచ్చును. 1946 మొదలు 1951 వఱకు సాగిన రైతాంగ పోరాటమునకు సూర్యాపేట తాలూకా ఒక ఆయువుపట్టు. వెట్టి మీద, దొరల భూముల మీద పల్లెలు తిరుగబడినవి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము బెజవాడ వైపునుండి ఈ బాటనే పట్టి కోదాడకు వచ్చెను. 15న గూర్ఖా దళము సూర్యాపేటను పట్టుకొనెను. వెనుదీయుచు నిజాము బలగములు మూసీ వంతెనను పాడుచేసినవి గాని దానికి కావలి నిలుపలేదు. సైనికులు త్వరగా బాగుచేసికొని ముందుకు సాగిరి. 17న నిజాము లొంగిపోయెను.

పిమ్మట నీరు వచ్చినది. సోలిపేటకడ మూసీ ఆనకట్ట 1963లో ముగిసినది. నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. జొన్నచేలున్న చోట్ల పెక్కింట వరిమళ్లు వెలసినవి. గంజులో ఆముదపు కుప్పలు తగ్గి వడ్లరాశులు పెరిగినవి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లాకేంద్ర మయ్యెను.

పేట దాటగానే బాటప్రక్కన దురాజుపల్లి గుట్ట కలదు. రెండేండ్లకొకమాఱు అచట గొల్లల దైవమైన లింగమంతులస్వామి జాతర జరుగును. దేవరపెట్టె కేసారమునుండి వచ్చును. "ఓ లింగా" యని కేకలిడుచు, గజ్జెలు కట్టి, భేరీలు మ్రోయించుచు జనము గుట్టకెక్కును. ఆ దినములలో హైదరాబాదు, విజయవాడల లారీలను వేఱుదారులకు మళ్లింతురు. మోటార్లు ప్రక్కకు తొలగగా బాటపై గొల్లలు నడచిపోవుదురు.